అమ్మ తమిళం మరిచిపోయిన ఏడాది

అమ్మకు పక్షవాతం వచ్చింది ఆడికృత్తిక పండగకు ముందురోజు పొద్దున. కావళ్ళు మోసుకుని తిరుత్తణి కొండకు పోయే జనం మా ఊరి మీదుగానే నడుస్తారు. దారి పొడుగునా వాళ్ళకు తాగునీళ్ళు పెట్టించే పని మా పంచాయతీ యూనియన్‌ది. తెలుగునాట మండల పరిషత్తు లాంటిది అది. అమ్మ ఆ యూనియన్‌కు చైర్మన్. ఆ పొద్దున వంటింటి గడప మీద కూర్చుని, ఒక చేత్తో కాఫీ గ్లాసు పట్టుకుని, ఇంకో చేత్తో ఫోను చెవికి ఆనించుకుని, నీళ్ళ లారీల కాంట్రాక్టరును తమిళంలో ఉతికి ఆరేస్తోంది. కోపంలో అమ్మకు తమిళం భలే వచ్చేది. ఇంట్లో మాతో తెలుగు, ఆఫీసు వాళ్ళతో తమిళం. ఫోను చెవి దగ్గర పెట్టుకునే మాకు తెలుగులో పనులు పురమాయించేది. ఆ రెండు భాషల మధ్య ఆమె ఎప్పుడు దాటుతుందో మేం గమనించేవాళ్ళమే కాదు.

ఉన్నట్టుండి ఆమె మాట తడబడింది. "లారీ... లారీ... లారీ..." అని అదే మాట మీద ఆగిపోయింది. తర్వాత ఏ భాషా కాని శబ్దాలేవో వచ్చాయి. పంచలో పేపరు చదువుతున్న నాయన తల తిప్పకుండానే నవ్వాడు.

"ఏమే, నీ తిట్లకు లారీ నడిరోడ్డులో నిలబడిపొయిందా ఏంది?"

కాఫీ గ్లాసు గడప మీద పడింది. నేను వెళ్ళేసరికి అమ్మ నోరు ఒక పక్కకు లాగేసి ఉంది.

నాయనే కారు నడిపాడు. వెనక సీట్లో అమ్మ తల నా ఒళ్ళో ఉంది. ఊరు దాటి మెయిన్ రోడ్డు ఎక్కేచోట పోలీసులు ఇనప అడ్డాలు పెట్టి బండ్లను ఆపేస్తున్నారు. కావళ్ళ జనానికి ఇబ్బంది లేకుండా ఆ దారిలో కార్లను విడవొద్దని పట్టుబట్టింది అమ్మే. నాయన దిగి, "చైర్మనమ్మ కారప్పా, వదులు" అని తమిళంలో అరిచాడు. కుర్ర కానిస్టేబుల్ కదల్లేదు. "ఎవరి కారునూ వదలొద్దని చైర్మనమ్మే చెప్పినారు సార్" అన్నాడు. అని, కారులోకి వంగి చూశాడు. అడ్డాన్ని తనే ఈడ్చేసి, ఈల ఊదుతూ, జనాన్ని తప్పిస్తూ కారు ముందు పరుగెత్తాడు. అయినా అంత జనంలో కారు పోయేదెంత? పసుపు బట్టల వాళ్ళు, చంకన బిడ్డల్ని ఎత్తుకున్న ఆడవాళ్ళు, డప్పులు, కావళ్ళ నెమలి ఈకలు. కొందరు అద్దంలోంచి చూసి అమ్మను గుర్తుపట్టి దండాలు పెడుతున్నారు. అమ్మ ఎడమచెయ్యి నా చున్నీని పిడికిట్లో పట్టుకుని ఉంది. కళ్ళు మాత్రం నా మొహం మీదే ఉన్నాయి, నేనేదో చెప్పాలన్నట్టు.

తిరువళ్ళూరు ఆస్పత్రిలో చూసి, అక్కణ్ణించి అంబులెన్సులో మద్రాసుకు పంపారు. అక్కడి డాక్టరు మెత్తగానే చెప్పాడు. ఇంకాస్త ముందు వచ్చి ఉంటే ఒక ఇంజెక్షన్ ఇచ్చే వీలుండేదట.

అమ్మ చైర్మన్ కావడం వెనక ఒక కథ ఉంది. ఎన్నికలొచ్చిన ఏడు మా వార్డూ, చైర్మన్ పదవీ రెండూ ఆడవాళ్ళకే కేటాయించారు. అంతకుముందు ఎన్నికలో ఓడిపోయిన నాయన, ఈసారి అమ్మను నిలబెట్టి వెనకనుంచి తాను నడిపించొచ్చని అనుకున్నాడు. ఊళ్ళో అందరూ అట్లాగే అనుకున్నారు. అమ్మ గెలిచింది. కౌన్సిలర్లు రెండు జట్లుగా చీలితే, ఒక్క ఓటు తేడాతో చైర్మన్ అయింది. మొదటి మీటింగు రోజు నాయన తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకుని, ఆమెకంటే ముందు పోయి హాల్లో కూర్చున్నాడు. అమ్మ లోపలికి వచ్చి, అందరి ముందరా, నవ్వుతూనే చెప్పింది.

"నువ్వు బయట కూచోవయ్యా. ఓట్లు నాకేసినారు."

నాయన బయటికి వచ్చేశాడు. ఇంటికొచ్చాక కొన్నాళ్ళు మాట్లాడలేదు. తర్వాత తర్వాత ఆ కథను తనే అందరికీ చెప్పుకుని నవ్వేవాడు. అమ్మ చదివింది హైస్కూలు వరకే. అయినా యూనియన్ ఆఫీసరు బీడీఓ తన ముందర పెట్టిన ప్రతి కాగితాన్నీ పూర్తిగా చదివిగాని సంతకం పెట్టేది కాదు. అర్థం కాకపోతే కాలేదని చెప్పేది. ఆ ఒక్క అలవాటుకే ఆఫీసువాళ్ళు ఆమెను చూసి జడిసేవాళ్ళు.

మా జట్టులో ఆమె తర్వాతి మనిషి వైస్ చైర్మన్. చుట్టం కాడు గాని, ఎప్పుడో కలిసిన వరసల వల్ల నేను ఆయన్ను మామా అనేదాన్ని. అమ్మను ఆయన అక్కా అనేవాడు, నాయనను బావా అనేవాడు. ఎన్నికలప్పుడు మా ఇంట్లో తిన్న అన్నానికి లెక్కలేదు. ఆస్పత్రికి మొదట పరుగెత్తి వచ్చింది కూడా ఆయనే. ఐసీయూ అద్దంలోంచి అమ్మను చూసి తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. ఆ ఏడుపు నిజమైనదే. ఇప్పటికీ నేను దాన్ని అనుమానించను. కళ్ళు తుడుచుకున్నాక డాక్టరును పక్కకు తీసుకుపోయి ఆయన అడిగిన మాట కూడా నాకు వినిపించింది.

"చెయ్యి ఎత్తగలదా సార్? ఎడమ చెయ్యైనా సరే, ఎత్తితే చాలు."

డాక్టరుకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది. మీటింగులో ఓటు వేసేది చెయ్యెత్తే.

ఆ సాయంత్రమే ఆయన మాకు చెప్పాడు, జబ్బు సంగతి బయటికి పొక్కకూడదని. "బీపీ జాస్తి అయింది, రెస్టులో ఉండాదని చెప్పండి బావా. ఒక్క ఓటు మీద నిలబడుండే జట్టు మనది. అక్క లేవదని తెలిస్తే రేపే ఇద్దరు అటు దూకేస్తారు."

నాయన తలూపాడు. ఆయనకు అది రాజకీయం కాదు, ఆశ. అమ్మ లేవదు అని చెప్పకుండా ఉంటే ఆమె లేస్తుందని ఆయన నమ్మకం. అట్లా నేను కూడా ఫోను చేసిన వాళ్ళందరికీ బీపీ అనే చెప్పాను. వార్డుకు మార్చాక మామ ఒక పూలగుత్తి తెచ్చి అమ్మ దిండు పక్కన పెట్టి ఫోటో తీశాడు. ముక్కులో గొట్టం కనిపించకుండా, వంగిన నోరు కనిపించకుండా ఎడమవైపు నుంచి తీశాడు. గంట తిరక్కుండా ఆ ఫోటో యూనియన్‌లోని ఫోన్లన్నిట్లో తిరిగింది. కింద తమిళంలో, తలైవి, అంటే మన నాయకురాలు, బాగున్నారు, త్వరలో వచ్చేస్తున్నారు అని రాసి ఉంది. నేను పాఠాలు చెప్పే తిరువళ్ళూరు స్కూల్లోని టీచర్లు కూడా అది చూసి, మీ అమ్మ బాగున్నారు గదా అని సంతోషించారు. అమ్మ ఇంకా మింగడం కూడా నేర్చుకోలేదు.

ఒకరోజు పొద్దున నర్సు నన్ను పిలిచింది. "మీ అమ్మ ఏవో శబ్దాలు చేస్తున్నారు, అర్థం లేనివి" అంది. నేను పోయి చెవి ఆనించి విన్నాను. "దప్పి," అంటోంది అమ్మ. "దప్పి. దప్పి."

నేను అక్కడే ఏడ్చేశాను. "శబ్దం కాదు సిస్టర్, తెలుగు" అన్నాను.

మాటలు నేర్పే డాక్టరమ్మ వచ్చి రోజూ బొమ్మలు చూపించేది. ఆవు, చెంబు, గొడుగు. తమిళంలో అడిగితే అమ్మ ఆమె మొహంలోకి చూసేది, ఎవరో తెలిసిన మనిషి పేరు గుర్తురానట్టు. నేను తెలుగులో అడిగితే, కష్టపడి, నోరంతా కదిలించి చెప్పేది. ఆవు. చెంబు. గొడుగు దగ్గర ఆగిపోయేది. రెండు భాషల వాళ్ళకు జబ్బు చేస్తే ఒక్కోసారి ఒకటే తిరిగి వస్తుందని, రెండోది తర్వాత రావచ్చు, రాకపోనూవచ్చని డాక్టరమ్మ చెప్పింది. తమిళంలో చెప్పేది అమ్మకు కొంత అర్థమవుతోంది, పలకడమే రావడం లేదు.

"ఆమె పనంతా తమిళంలోనే మేడం" అన్నాను.

"తెలుసమ్మా. పేపర్లో చూశాను" అందామె. మళ్ళీ గొడుగు బొమ్మ పైకి తీసింది.

ఇంటికి తెచ్చాక మామ తరచుగా వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా అమ్మ మంచం పక్కన కాసేపు కూర్చుని, బజ్జీలో పండ్లో చేతిలో పెట్టి, తర్వాత నాయనతో పంచలో గుసగుసలాడేవాడు. మామ పరిస్థితి నాకు కొంచెం కొంచెంగా తెలిసింది. చైర్మన్ పదవి ఆడవాళ్ళది కాబట్టి ఆయన దాన్ని ఎన్నటికీ ఎక్కలేడు. అమ్మ రాజీనామా చేస్తే ఇంకో ఆడమనిషి చైర్మన్ అవుతుంది. ఆమె ఎవరి మాట వింటుందో తెలియదు. అదే అమ్మ పదవిలో ఉండి, ఆఫీసుకు రాకుండా ఉంటే, చైర్మన్ పనంతా వైస్ చైర్మన్‌దే. అమ్మ చావకూడదు, లేవకూడదు. ఇట్లా రాస్తుంటే నాకే చేదుగా ఉంది, కానీ ఆయన ఆ రోజుల్లో నిలబడిన చోటు అది. ఆయనకు ఉన్న చిక్కల్లా ఒక్కటే. వరసగా కొన్ని నెలలు మీటింగులకు రాకపోతే సభ్యత్వమే పోతుందని చట్టం. అందుకని గడువు లోపల అమ్మ ఒక్కసారి హాల్లో కనిపించాలి.

"తీసుకుపోతే తప్పేంది?" అన్నాడు నాయన నాతో. "ఆ హాలు చూస్తే, ఆ మనుషుల్ని చూస్తే దానికి మాటొచ్చేస్తుంది. నువ్వు చూస్తా ఉండు."

"నాయనా, ఆమెను బొమ్మలాగ కూచోబెడతారు."

"అది చైర్మన్. బొమ్మ కాదు."

అమ్మను అడిగాం. పోతావా అంటే తలూపింది. ఆ తలూపడంలో ఎంత అర్థమయ్యి ఊపిందో నాకు తెలియదు. కానీ ఆ రోజు పొద్దున ఆమె పచ్చ అంచు కాటన్ చీరే కావాలని వేలు చూపించింది. మీటింగులకు కట్టుకునే చీర అది. తల దువ్వించుకుని, బొట్టు నేనే పెడితే, అద్దం తెమ్మని సైగ చేసి చూసుకుంది. వంగిన మూతిని ఎడమచేత్తో ఒకసారి సర్దుకోబోయింది.

చక్రాల కుర్చీలో ఆమెను లోపలికి తీసుకుపోయినప్పుడు హాలంతా లేచి నిలబడింది. అప్పటిదాకా బీపీ అనుకున్న వాళ్ళు ఆమెను చూసి బిత్తరపోయారు. గుమాస్తా హాజరు పుస్తకం తెచ్చాడు. అమ్మ ఎడమచేత్తో చిన్నపిల్లలా వంకర గీత ఒకటి గీసింది. అది చాలన్నారు. నన్ను ఆమె వెనక నిలబడనిచ్చారు. నాయన పాత అలవాటు ప్రకారం బయట ఉండిపోయాడు.

పక్క కుర్చీలో కూర్చున్న మామే మీటింగు నడిపాడు. తీర్మానాలు ఒక్కొక్కటిగా చదివారు. రోడ్డు, బడి గోడ, వీధి దీపాలు. తర్వాత ఒక నీళ్ళ ట్యాంకు సంగతి వచ్చింది. కొండ కింద ఒక కాలనీ ఉంది. అక్కడి ఆడవాళ్ళు నీళ్ళకోసం రైలు పట్టాలు దాటి రావాలి. అక్కడ ట్యాంకు కట్టిస్తానని అమ్మ వాళ్ళకు మాటిచ్చి, దాన్ని మంజూరు చేయించింది. ఇప్పుడు గుమాస్తా చదువుతున్న తీర్మానం, ఆ ట్యాంకును అక్కణ్ణించి మార్చి, కొత్తగా వేసిన ప్లాట్ల పక్కన కట్టాలని. ఆ ప్లాట్లలో మామకు వాటా ఉందని అందరికీ తెలుసు.

అమ్మ కాలనీ పేరు వినగానే తల పైకెత్తింది. గుమాస్తా చదవడం ముగించాడు. "అందరికీ సమ్మతమేనా?" అని మామ అడిగాడు తమిళంలో.

"వద్దు" అంది అమ్మ.

మాట ముద్దగా వచ్చింది, కానీ వచ్చింది. మామ ఆమె వైపు వంగి, నవ్వు మొహంతో, "అలసిపొయినావా అక్కా?" అని, సభ వైపు తిరిగి తమిళంలో, "చైర్మన్‌గారు సరే అంటున్నారు" అన్నాడు.

"వద్దు. వద్దు. వద్దు." అమ్మ ఎడమచెయ్యి బల్లను కొడుతోంది. ఆమె కావాల్సిన తమిళపు మాట కోసం వెతుకుతోందని నాకు తెలుస్తోంది. నోరు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. వేండాం అనే మాట. పసిపిల్లకు కూడా వచ్చే మాట. అది రావడం లేదు. ఆమె కళ్ళవెంట నీళ్ళు కారిపోతున్నాయి. నేను నోరు తెరిచే లోపలే గుమాస్తా నాకు చెయ్యి చూపించాడు, సభ్యులు కానివాళ్ళు మాట్లాడకూడదని.

హాల్లో సగంమందికి పైగా మా లాంటి తెలుగు ఇళ్ళ వాళ్ళే. ఇళ్ళలో అందరూ వద్దు అనే అంటారు. మా జట్టువాళ్ళు ఒక్కరూ తలెత్తలేదు.

అప్పుడు ఎదుటి జట్టులోంచి ఒకావిడ లేచింది. అమ్మ చేతిలో ఒక్క ఓటుతో ఓడిపోయింది ఆవిడే. మీటింగుల్లో ఇద్దరూ పోట్లాడుకోని రోజు లేదు. ఆవిడ తమిళంలో మొదలుపెట్టి, కోపం పట్టలేక తెలుగులోకి వచ్చేసింది.

"సరే అంటా ఉందా? ఏమయ్యా, నీ ఇంట్లో నీ అమ్మ ఏ బాసలో మాట్లాడతాది? వద్దంటా ఉందామె! నాకు వినపడింది, నీకు వినపడింది, ఈడుండే గోడలకు వినపడింది. రాసుకో గుమాస్తా, చైర్మన్ వద్దన్నారని రాసుకో!"

సభలో ఉన్న బీడీఓ, ఈ విషయం వచ్చే మీటింగుకు వాయిదా వేద్దామన్నాడు. నేను అమ్మ కుర్చీని బయటికి తోసుకొచ్చాను. మెట్ల దగ్గర నాయన ఆశగా ఎదురొచ్చాడు. "మాట్లాడిందా?" అన్నాడు.

"మాట్లాడింది నాయనా" అన్నాను. జరిగిందంతా ఇంటికొచ్చాక చెప్పాను.

ఆ రాత్రి అన్నం తినిపిస్తుంటే అమ్మ నా చెయ్యి ఆపింది. "చాలు" అంది. అన్నం గురించి అనుకున్నాను. కాదని తలూపింది. గోడ మీద, ప్రమాణ స్వీకారం రోజున తీసిన ఫోటో వైపు వేలు చూపి మళ్ళీ "చాలు" అంది. నాయన ఆమె అరికాళ్ళ దగ్గరికి జరిగి, రెండు చేతులతో పట్టుకుని, "నేనే పోదామన్నానే" అన్నాడు. "నేనే తీసుకపొయినానే." అమ్మ ఎడమచెయ్యి చాపింది, ఆయన తల అందలేదు. నేను ఆయన్ను దగ్గరికి జరగమన్నాను.

రాజీనామా ఇచ్చేశాం. మామ వచ్చి బతిమాలాడు, కోప్పడ్డాడు, ఆఖరికి గేటు దగ్గర నిలబడి, "ఇంత నమ్మకద్రోహమా బావా?" అన్నాడు. నాయన లోపలికి వచ్చి తలుపు వేశాడు. మా జట్టులోంచి ఒకరిద్దరు ఊహించినట్టే అటు పోయారు. అమ్మకోసం లేచి అరిచిన ఆవిడ చైర్మన్ అయింది. ఆమె మంచి పరిపాలకురాలని చెప్పలేను. మా వార్డు పనులు కొన్ని ఆపేసింది, ఆమె జట్టువాళ్ళకే కాంట్రాక్టులు ఇచ్చింది. కానీ ట్యాంకును మాత్రం కాలనీలోనే కట్టించింది. అందుకోసమే అమ్మ పక్షాన మాట్లాడిందో, మామను దెబ్బ తియ్యడానికి మాట్లాడిందో నాకు తెలియదు. రెండూ ఉండొచ్చు.

రాజీనామా తర్వాత మా ఇంటికి మనుషులు రావడం మానేశారు. మొదట్లో నాకు అది అర్థమయ్యేది కాదు. పొద్దున లేస్తే పంచ నిండా చెప్పులుండే ఇల్లు. అమ్మ ఆ చెప్పుల చప్పుడు కోసం తల తిప్పేది. నాయన ఆమెకు కూడు వండడం, తల దువ్వడం నేర్చుకున్నాడు. రోజూ కాసేపు తమిళ పేపరు చదివి వినిపించేవాడు. ఆమె విని, అక్కడక్కడా తెలుగులో ఒక మాట అనేది. ఇన్నేళ్ళ కాపురంలో వాళ్ళిద్దరూ అంతసేపు ఒకచోట కూర్చోవడం నేను చూడలేదు.

ఏడాది తిరిగేలోగా పక్షవాతం రెండోసారి వచ్చింది. ఈసారి రోడ్డు ఖాళీగానే ఉంది. ఆస్పత్రికి త్వరగానే చేరాం. అయినా దక్కలేదు.

శవం దగ్గరికి అందరూ వచ్చారు. రెండు జట్లూ వచ్చాయి. మామ పాడెకు భుజం పట్టాడు, నాయన వద్దనలేదు. అమ్మ తర్వాత చైర్మన్ అయిన ఆవిడ దండ వేసి వెళ్ళిపోతుందనుకున్నాను. ఆవిడ కింద చాప మీద కూర్చుని, అమ్మ మొహాన్ని చూస్తూ, "నీతో ఎవురు కొట్లాడతారక్కా ఇంక?" అని, శవాన్ని ఎత్తేదాకా లేవలేదు.

కర్మ రోజున భోజనాలయ్యాక జట్టు పెద్ద ఒకాయన నా దగ్గరికి వచ్చాడు. అప్పటికి కౌన్సిళ్ళ గడువు అయిపోయింది. ఎన్నికలు జరగలేదు, ఆఫీసర్లే నడిపిస్తున్నారు. ఎప్పుడు జరిగినా మా వార్డులో అమ్మ పేరు చెబితే ఓట్లు పడతాయని ఆయన లెక్క.

"చదువుకున్న బిడ్డవి. అమ్మ జాగాలో నువ్వే నిలబడాల. జనానికి బాద ఇంకా పచ్చిగా ఉండాది."

నాయన విన్నాడు. ఆయనేమంటాడోనని నేను చూశాను. ఆయన ఎంగిలి ఆకులు ఎత్తుతున్నవాడల్లా వంగిన నడుము లేపి, "దాన్ని అడగొద్దండీ," అన్నాడు. "సోమవారం దానికి స్కూలుండాది."

సోమవారం నేను ఎప్పటి రైలే ఎక్కాను. అరక్కోణం దాటేదాకా బాగానే ఉన్నాను. తర్వాత ఏడుపు ఆగలేదు. కిటికీ పక్కన పూలబుట్టతో కూర్చున్న ఆమె బుట్టను కిందికి దించి, నాకు చోటిచ్చి, ఏమైందని అడిగింది. అమ్మ పోయిందని చెప్పాను. ఎంత వయసని అడిగింది, ఏం జబ్బని అడిగింది. ఏం పని చేసేదని మాత్రం అడగలేదు. తిరువళ్ళూరు వచ్చేదాకా ఆమె నా వీపు మీదనుంచి చెయ్యి తియ్యలేదు.